ఒక్కడివే కదా, వంటెందుకు?

సింగపూర్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వారానికి నాలుగుసార్లు తిరిగే ప్రకటన ఒకటుంది. పేట మారుతుంది, ఫోన్ నంబరు మారుతుంది, మిగతాదంతా పెళ్లి మంత్రంలా ఎప్పుడూ అదే. “పుంగోల్‌లో కామన్ రూమ్. ఎంఆర్‌టీకి అయిదు నిమిషాలు. పీయూబీ కలిపే. ఏసీ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఏడు దాకా. విజిటర్స్ వద్దు. సింగిల్ మేల్, వెజ్ అయితే మంచిది. లైట్ కుకింగ్ ఓకే.”

ఎంఆర్‌టీ అంటే ఇక్కడి మెట్రో రైలు. పీయూబీ అంటే కరెంటూ నీళ్లూ బిల్లు. ఏసీ వేళలంటే, పగలు నువ్వు ఆఫీసులో ఉండాలని అర్థం. ఇవన్నీ నాకు అర్థమయ్యాయి. అర్థం కానివి చివరి మూడు మాటలే.

లైట్ కుకింగ్‌కి తెలుగులో మాట లేదు. అలాంటి పనే మనకి లేదు కాబట్టి. మనకి వంటన్నా ఉంటుంది, పస్తన్నా ఉంటుంది. మధ్యలో ఉన్నవి రెండే, చద్దన్నమూ ఆవకాయా. ఒకటి నిన్నటి వంట, రెండోది పోయిన వేసవి వంట.

గది చూడ్డానికి వెళ్లాను. ఓనరు మనవాడే, తెనాలి. నేను ఒంగోలు. ఒంగోలువాడు పుంగోల్‌లో ఉండటం రాసిపెట్టి ఉన్నట్టే అనిపించింది. ఆయన వంటిల్లు చూపించిన తీరు, పూజారి గర్భగుడి తలుపు తీసినట్టుంది. తెల్లటి రాతి గట్టు, అద్దంలా మెరిసే పొయ్యి, దాని మీద విమానం ఇంజన్ అంత పొగగొట్టం. “ఫుల్ యాక్సెస్ బ్రదర్. లైట్‌గా వాడుకోవాలి, అంతే” అన్నాడు.

“లైట్ అంటే?”

“అంటే... లైట్‌గా.”

“నీళ్లు మరగబెట్టుకోవచ్చా?”

“అయ్యో, అదేం మాటండీ, తప్పకుండా.”

“గుడ్డు?”

“ఉడకేసుకోండి. మూత పెట్టి.”

“పప్పు?”

కాసేపు ఆలోచించాడు. “పప్పు ఓకే. పోపే...” అని గొంతు తగ్గించాడు, దగ్గరి చుట్టాల్లో ఎవరికో ఉన్న చెడ్డ అలవాటు గురించి చెబుతున్నట్టు.

పోపు లేని పప్పంటే సంతకం లేని చెక్కు. అయినా గది తీసుకున్నాను. అద్దె వంద డాలర్లు తక్కువ. ఆ వంద డాలర్లకే నా నోటికి తాళం పడింది.

ఇన్నాళ్లలో లైట్ కుకింగ్ ధర్మశాస్త్రం కొంత వంటబట్టింది. వంటబట్టింది అనకూడదేమో ఇక్కడ. మైక్రోవేవ్‌లో ఏది పెట్టినా లైటే, అందులో చేప పేలినా సరే. ఎయిర్ ఫ్రయర్ పరమ లైట్. రైస్ కుక్కర్ లైట్. గ్యాస్ పొయ్యి మాత్రం వండేవాణ్ణి బట్టి. దీపావళికి ఓనరుగారింట్లో చికెన్ సిక్స్‌టీఫైవ్ వేగితే అది పండగ, నేను కంద వేయిస్తే అది హెవీ. కేకు కాలితే వచ్చేది ఎరోమా. కాఫీ గింజలు వేగితే వచ్చేదీ ఎరోమాయే. ఇంగువ నూనెలో పడితే వచ్చేది స్మెల్. ఈ ఊళ్లో వాసనకి కులం ఉంది, అది ధరని బట్టి తేలుతుంది.

కాస్త పెద్ద కొంపలకి వెళితే ఈ శాస్త్రం ఇంకా ముదురుతుంది. కాండోలనే ప్రైవేటు అపార్ట్‌మెంట్లలో రెండు వంటిళ్లు, డ్రై కిచెనూ వెట్ కిచెనూ. డ్రై కిచెన్ హాల్లోకి కనబడుతుంది. పాలరాయి, పళ్లబుట్ట, ఎత్తు కుర్చీలు. అందులో ఏదీ వండరు. వంటంతా వెనకాల తలుపు బిగించిన ఇరుకు గదిలో, దాని పేరు వెట్ కిచెన్. మొదటిది ఫొటోకి, రెండోది పొట్టకి. ఫొటోకున్న జాగా పొట్టకి లేదు.

ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఇళ్లలో ఇంకో విశేషం. 1990ల చివర్నుంచి కట్టిన ఫ్లాట్లలో హౌస్‌హోల్డ్ షెల్టర్ అని ఒక గది ఉంటుంది. మందపాటి కాంక్రీటు గోడలు, ఉక్కు తలుపు. యుద్ధం వచ్చి బాంబులు పడితే కుటుంబమంతా అందులో దూరాలి. చట్టం ఒప్పుకోదు కాబట్టి దాన్ని పగలగొట్టడానికి లేదు. అంటే ఈ ఇల్లు బాంబుని తట్టుకుంటుంది. ఆవాలు చిటపటలాడితే తట్టుకోలేదు.

ఆ బాంబు గది మా ఇంట్లో ఒక్కసారి పనికొచ్చింది. 2023 జూలైలో ఢిల్లీవాళ్లు బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు. అమెరికా తెలుగువాళ్లు సోనామసూరి బస్తాల కోసం దుకాణాల్లో ఎగబడ్డ వీడియోలు అందరం చూశాం. అవి చూసి మా ఓనరు రాత్రికి రాత్రి లిటిల్ ఇండియాకి వెళ్లి ఆరు బస్తాలు తెచ్చి ఉక్కు తలుపు వెనక పేర్చాడు. ఆగస్టు చివరికల్లా సింగపూర్‌కి ప్రత్యేక మినహాయింపు వచ్చేసింది. బస్తాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి, వాళ్లింట్లోనూ పెద్దగా వండరు కదా. సంక్రాంతి నాటికి పురుగు పట్టింది. అలా ఆ గది ప్రాణాల్ని కాపాడింది, పురుగుల ప్రాణాల్ని.

సరే, ఓనర్లని అని లాభం లేదు. వాళ్ల వెనక ఒక సిద్ధాంతం ఉంది. ఈ ఊళ్లో నేను దాన్ని కనీసం వందమంది నోట విన్నాను: “ఒక్కడివే కదా, నీకు వంటెందుకు? కిందకి దిగితే హాకర్ సెంటర్. నాలుగు డాలర్లు పడేస్తే కడుపు నిండుతుంది. వండుకోవడమే దండగ.”

హాకర్ సెంటర్ మీద నాకేం కోపం లేదు. రోడ్డు పక్కన బళ్ల మీద అమ్ముకునేవాళ్లని 1971 నుంచి 1986 దాకా ఒక్కొక్కరినీ తెచ్చి, నీళ్లూ కాలవా కప్పూ ఇచ్చి కూర్చోబెట్టారు. ఇవాళ అలాంటివి వందకి పైనే ఉన్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. కాఫీ చుక్క తాగుతూ, పక్క టేబుల్ మీద టిష్యూ పొట్లం పెట్టి సీటు ఆపుకున్న మహానుభావుల్ని చూస్తూ నేను గడిపిన సాయంత్రాలు తక్కువేం కాదు. ఎకానమీ రైస్ అని ఒక కొట్టుంటుంది. గాజు వెనక పాతిక పళ్లాలు. వేలితో చూపిస్తే అన్నం మీద వేస్తారు. భాష అక్కర్లేదు, వేలు చాలు. పేదవాడి కడుపుకి ఇంత మర్యాద ఇచ్చిన ఊరు ఇంకోటి నేను చూడలేదు.

కానీ వారసత్వం వేరు, రాత్రి ఎనిమిదికి నోటికి కావాల్సింది వేరు. యునెస్కో నాకు చారు పొయ్యదు.

లెక్క కూడా చూద్దాం, లెక్క మాటే కదా వాళ్లు ఎత్తింది. పొద్దున్న తోసై, టీ కలిపి నాలుగు డాలర్లు. మధ్యాహ్నం ఆరు. రాత్రి ఆరు. పొట్లం కట్టించుకుంటే డబ్బాకి ఇరవై ముప్పై సెంట్లు, అది వదిలేద్దాం. రోజుకి పదహారు, నెలకి నాలుగు వందల ఎనభై. అదే నేను వండుకున్న నెలలో బియ్యం, కందిపప్పు, కూరలు, పెరుగు, నూనె అన్నీ కలిపి నూట ఎనభై దాటలేదు. తేడా మూడు వందలు. ఈ ఊళ్లో నాలాంటివాడికి అది ఇంటికి పంపే సొమ్ములో ముఖ్యమైన ముక్క. ‘వండుకోవడం దండగ’ అనేవాళ్లు ఈ మూడు వందలు ఎందులో వేస్తారో అడిగి చూశాను. “నీ టైమ్‌కి విలువ లేదా?” అన్నారు. ఆ మిగిలిన టైమ్‌లో వాళ్లు ఏం చేస్తారంటే, ఫోన్లో వంటల వీడియోలు చూస్తారు.

లెక్కల దగ్గర అటుపక్క ఇంకో పీడ ఉంది. ఒంగోల్లో మా బాబాయి. నేను నోరు జారి తోసై నాలుగు డాలర్లన్నానా, వెంటనే గుణకారం. “నాలుగు డాలర్లా! అంటే రెండొందల అరవై! దోసెకా? రెండొందల అరవైకి ఇక్కడ ఇంటిల్లిపాదీ తింటారు కదరా!” ఆయన దృష్టిలో నేను రోజూ తాజ్‌మహల్ హోటల్లో తింటున్నాను. ఓనరు దృష్టిలో నేను వండకూడదు, బాబాయి దృష్టిలో నేను కొనకూడదు. ఇద్దరి మాటా వింటే మిగిలేది ఏకాదశి.

ఇంతకీ ‘ఒక్కడివే కదా’ అని నాకు చెప్పేవాళ్లు ఎవరో గమనించారా? ఒక్కడిగా లేనివాళ్లు. వాళ్లింటికి సాయంత్రం ఏడింటికి క్యారియర్ వస్తుంది. దాన్ని మలయ్ మాటతో తింగ్‌కట్ అంటారు, అంటే అంతస్తులని. పప్పు, కూర, చారు, మూడు గిన్నెలు. అది ఎక్కణ్ణుంచి వస్తుందని ఆరా తీస్తే, సెంగ్‌కాంగ్‌లో ఒక తెలుగావిడ ఇంట్లోనే వండి పంపుతోంది. ఇంట్లో చిన్నగా వండి అమ్ముకోడానికి ఇక్కడి రూల్సు ఒప్పుకుంటాయి. ఇరవై ముప్పై ఇళ్లకి ఆవిడే. అంటే ఇరవై ముప్పై తెలుగు కుటుంబాలు తమ తెల్లరాతి గట్టు మీద పడాల్సిన పోపు మొత్తాన్ని తీసుకెళ్లి ఒక్క ఇంట్లో పెట్టాయి. పోపు తప్పు కాదన్నమాట, అది మన ఇంట్లో పడటమే తప్పు. ఆవిడ పక్కింటివాళ్ల ఓర్పుకి ఎవరైనా శాలువా కప్పాలి.

ఒక్కడు వండుకోవడంలో కష్టం లేదని కాదు. ఉంది, కానీ వాళ్లు చెప్పే కష్టం కాదు. ప్రపంచంలో కూరగాయలన్నీ కుటుంబాల కోసం పుడతాయి. క్యాబేజీ చూడండి. ఒక్కడు క్యాబేజీ కొంటే అది వంట కాదు, కాపరం. సోమవారం వేపుడు, మంగళవారం పప్పులో, బుధవారం పచ్చడి, గురువారం దాని మొహం చూడలేక ఫ్రిజ్ తలుపు తీయడం మానేస్తాను. శనివారం తీస్తే అది నాకంటే నీరసంగా ఉంటుంది. ఇడ్లీ పిండి పాకెట్ ఇంకో పురాణం. మొదటిరోజు ఇడ్లీ, రెండోరోజు దోసె, మూడోరోజు ఉల్లిపాయ జల్లి ఊతప్పం. నాలుగోరోజు పులిసిన పిండికి శాస్త్రం ఒకటే దారి చూపింది, పునుగులు. పునుగులు లైటా? నూనె మూకుడు పెట్టగానే ఓనరు గది తలుపు కిర్రుమంటుంది.

కాబట్టి ఒంటరివాడి సంసారమంతా రైస్ కుక్కర్‌లోకి మారింది. దాని గురించి పుస్తకం రాయొచ్చు. అన్నం కింద, పైన చిల్లుల పళ్లెంలో బంగాళాదుంపా గుడ్డూ, మధ్యలో చిన్న గిన్నెలో కందిపప్పు. కందిపప్పు అలా ఉడకదు. రెండుగంటలు నానబెడితే ఉడికినట్టు నటిస్తుంది. పెసరపప్పు మంచిది, మొండితనం లేదు. చింతపండు నీళ్లలో పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, కాస్త బెల్లం వేస్తే పచ్చిపులుసు. కరీంనగర్ నుంచి వచ్చిన మిత్రుడొకడు నేర్పాడు. అసలు ప్రపంచంలో లైట్ కుకింగ్ అన్న మాటకి తగ్గ వంటకం ఏదన్నా ఉంటే అది పచ్చిపులుసే. పొయ్యే అక్కర్లేదు. ఓనరుకి చెప్పి మెప్పు పొందుదామనుకున్నాను. “ఉల్లిపాయ స్మెల్ వస్తుందా?” అన్నాడు.

కరివేపాకు దగ్గర మాత్రం సింగపూర్ నన్ను కన్నతల్లిలా చూసుకుంది. 2005 నుంచి పార్కుల శాఖవాళ్లు కమ్యూనిటీ ఇన్ బ్లూమ్ అని బ్లాకుల మధ్య జనం చేత తోటలు పెంచిస్తున్నారు. మా బ్లాకు కింద తోటలో పాండన్ పొదల పక్కన కరివేప చెట్టుంది. దాన్ని పెంచే చైనీస్ పెద్దాయన నన్ను చూస్తే రెండు రెబ్బలు తుంచి చేతిలో పెడతాడు. ‘కర్రీ, ఆ?’ అంటాడు. అవునంటాను. వాటిని జేబులో దాచుకుని పైకెళ్తాను, దొంగసొత్తులా.

ఇక్కడే 2011 నాటి సంగతి చెప్పాలి. ఆ ఏడు ఆగస్టులో టుడే అనే పత్రిక ఒక పాత తగాదాని ప్రస్తావించింది. చైనా నుంచి కొత్తగా వచ్చిన ఒక కుటుంబం, పక్కింటి భారతీయ కుటుంబం వండే కూర వాసన పడలేక మధ్యవర్తుల దగ్గరికి వెళ్లింది. ఆ భారతీయ కుటుంబం అప్పటికే తలుపులూ కిటికీలూ మూసుకుని వండుకుంటోంది, పాపం. చివరికి కుదిరిన రాజీ ఇది: చైనా కుటుంబం ఇంట్లో లేనప్పుడే వీళ్లు కూర వండాలి, బదులుగా వాళ్లు ఒక్కసారైనా ఆ కూర రుచి చూడాలి. ఆ షరతులు రెండు పక్షాలూ ఒప్పుకున్నవేననీ, ఎవరూ రుద్దినవి కావనీ తర్వాత వివరణ వచ్చింది. ఈలోపే ఊరు భగ్గుమంది. ఆగస్టు 21 ఆదివారం అందరం ఇంటింటా కూర వండుదామని ఫేస్‌బుక్‌లో పిలుపిస్తే 57 వేలమందికి పైగా సరే అన్నారు. అందులో చైనీసులు, మలయ్‌లు, మనవాళ్లు అందరూ ఉన్నారు. 2013లో అల్ఫియాన్ సాత్ ఆ పిలుపు పేరుతోనే నాటకం రాశాడు. ఒక కుండెడు కూర కోసం ఊరు ఊరంతా నిలబడటం ఇంకెక్కడన్నా విన్నారా?

అలా ఊరు గెలిచి ఇచ్చిన కూరని మనవాళ్లు అగ్రిమెంటులో ఒక్క లైను రాసి తిరిగిచ్చేశారు. పక్కింటివాడు వద్దంటే అది వార్త. తెనాలివాడు వద్దంటే అది కండిషన్. ఆ చైనా కుటుంబం కనీసం రుచి చూస్తామని మాటిచ్చింది. మా ఓనరు రుచి ఎప్పుడో తెలిసినవాడు, అందుకే ఆయన నేరం పెద్దది. ఆయన చెప్పే కారణాలు రెండు. ఒకటి, రీసేల్ వేల్యూ. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాడు గోడ వాసన చూస్తాడట. రెండోది చెప్పడు కానీ తెలుస్తూనే ఉంటుంది. ఈ దేశం వచ్చిన కొత్తలో ఎవరో లిఫ్ట్‌లో ముక్కు మూసుకుని ఉంటారు ఆయన పక్కన. ఆ రోజుని ఆయన మర్చిపోలేదు. ఆ ముక్కు ఇప్పుడు ఆయన మొహం మీద ఉంది.

వాసన పడని ఊరేం కాదిది. దురియన్ పండుని ఎంఆర్‌టీలో ఎక్కనివ్వరు, నిజమే. కానీ బొమ్మలేసి మరీ పండుకి దారి మూసినవాళ్లే 2002లో కోట్లు పోసి కట్టిన ఎస్‌ప్లనేడ్ కళామందిరానికి ముద్దుగా దురియన్ అని పేరు పెట్టుకున్నారు. కంపు కొట్టినా మాదే అన్న ప్రేమ అది. ఇంగువ మీద మనకి అంత ప్రేమ లేకపోయింది.

మళ్లీ లెక్క దగ్గరికొస్తే, తక్కువలో తినడం అన్న మాటకి అసలు హక్కుదారులు వేరే ఉన్నారనీ నాకు తెలుసు. తువాస్, క్రాంజి వైపు డార్మిటరీల్లో మన తెలుగు కూలీలూ ఉంటారు. గదికి పదీ పన్నెండు మంది, కాబట్టి వాళ్లని ‘ఒక్కడివే కదా’ అనే వీలు కూడా లేదు. నెలకింత అని కట్టిన పొట్లాల భోజనం అర్ధరాత్రి దాటాక వండి, తెల్లారకముందే సైటుకి వస్తుంది. వాళ్లు దాన్ని విప్పేది మధ్యాహ్నం పన్నెండుకి, ఈ వేడిలో. ఆదివారం లిటిల్ ఇండియాలో టెక్కా దగ్గర గడ్డి మీద కూర్చుని, ఎవడో ఒకడు డార్మిటరీ పొయ్యి మీద వరసలో నిలబడి వండి తెచ్చిన కోడికూర డబ్బా మూత తీస్తే చుట్టూ పదిమంది తలలు తిరుగుతాయి. ఆ డబ్బా దగ్గర లైట్ కుకింగ్ గురించి ఎవరన్నా మాట్లాడి చూడమనండి.

పోయిన శనివారం ఓనరూ భార్యా పిల్లలూ వంతెన దాటి జొహోర్ బారు వెళ్లారు. అక్కడ సరుకులు చవకని సింగపూర్ సగం శనివారాలు అక్కడే ఉంటుంది. పొదుపు వాళ్లు చేస్తే షాపింగ్ అంటారు, నేను చేస్తే పీనాసితనం. ఓనరు వాళ్లమ్మగారు తెనాలి నుంచి వచ్చి మూడు నెలలైంది. మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయారు. ఆవిడకి కూడా ఆ వంటింట్లో పోపు నిషేధమే, కొడుకు చెప్పాడట. హాల్లో సీరియల్ చూస్తున్నారు.

నేను పొగగొట్టం పూర్తి వేగంలో పెట్టాను. కిటికీ తీశాను. చారు మరుగుతోంది. చిన్న గరిటెలో నెయ్యి, ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, జేబులోంచి పెద్దాయనిచ్చిన కరివేపాకు, చివర్లో ఇంగువ. ఛుంయ్ మంది. హాల్లో టీవీ సౌండు ఒక్కసారి తగ్గింది. ఎవరూ రాలేదు, ఏమీ అనలేదు. కాసేపటికి మళ్లీ పెరిగింది. నేను గిన్నె గదిలోకి తెచ్చుకుని తలుపేసుకుని తిన్నాను, గట్టు మూడుసార్లు తుడిచాను.

రాత్రి పదకొండింటికి ఓనరు మెసేజ్. “బ్రదర్, మీరు ఇవాళ పోపు పెట్టారా?”

అబద్ధం ఆడటానికి అయిదు నిమిషాలు ప్రయత్నించి, “సారీ అండీ, కొంచెమే” అని పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపు టైపింగ్ అని చూపించింది. ఈ నెలాఖరుకి కొత్త గది వెతుక్కోవాలని మనసులో సిద్ధపడుతుండగా వచ్చింది.

“అమ్మ అడగమంటోంది. ఇంగువ ఏ బ్రాండ్?”